రేంజర్ పికప్‌కు వెనక డ్రమ్ముల బదులు డిస్కులు: ముందు పార్కింగ్ బ్రేక్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: బండి 1997 ఫోర్డ్ రేంజర్, 4.0 లీటర్ వీ6, ఆటోమేటిక్. వారాంతాల్లో బోటు ట్రైలర్ తగిలించుకుని డాలస్ దగ్గరి లూయిస్‌విల్ లేక్‌కు వెళ్తుంటారు. బోటు దింపి పైకొచ్చాక వెనక బ్రేకులు కాసేపు సరిగ్గా పట్టవు. ర్యాంపు మీద పార్కింగ్ బ్రేక్ వేసినా బండి మెల్లగా వెనక్కి జారుతోంది. షాపు వాళ్ళు వెనక డిస్క్ కిట్ వేస్తామన్నారు, అందులో పార్కింగ్ బ్రేక్ రాదు, దాని బదులు లైన్ లాక్ పెడితే చాలన్నారు. వేయించుకోవచ్చా?

ఆ కిట్ వద్దు. డిస్కులు మాత్రం వేసుకోవచ్చు. ఈ పనిలో క్యాలిపర్లు (ప్యాడ్లను నొక్కేవి), రోటర్లు (చక్రంతో తిరిగే డిస్కులు) బిగించడం పెద్ద విషయం కాదు, అవి ఎలాగోలా కూర్చుంటాయి. తేడా వచ్చేది పార్కింగ్ బ్రేక్ దగ్గరే. అందుకే పార్కింగ్ బ్రేక్ ఏ రకం కావాలో ముందు ఖాయం చేసుకుని, దానికి తగ్గ డిస్కులు వెతుక్కోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మెరిసే రోటర్లు కొనేసి, చివర్లో కేబుల్ పట్టుకుని దీన్ని ఎక్కడ తగిలించాలా అని చూస్తారు.

లైన్ లాక్ సంగతి ముందు చెప్పేస్తాను. అది డ్రాగ్ రేసుల వాళ్ళ సరుకు. ముందు బ్రేకుల్లో ప్రెషర్ బంధించి, వెనక టైర్లు గిర్రున తిప్పి వేడి చేసుకోవడానికి పనికొస్తుంది. కొన్ని సెకన్ల పని. దాన్ని నమ్ముకుని బండి దిగి పోతే ఏమవుతుంది? అప్పటిదాకా వేడిగా ఉన్న బ్రేక్ ఫ్లూయిడ్ చల్లారి కుంచించుకుపోతుంది, ప్రెషర్ పడిపోతుంది. ఎక్కడో సీలు రవ్వంత కారినా అంతే. కరెంటుతో పట్టి ఉంచే రకమైతే బ్యాటరీ కూడా తోడు. ఈ సైజు కొత్త బండ్లకు ఇప్పుడు వర్తించే అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణం, ఎఫ్ఎంవీఎస్ఎస్ 135, పార్కింగ్ బ్రేక్ పట్టు నిలబడాల్సింది పూర్తిగా మెకానికల్ పద్ధతిలోనే అంటుంది. నిండు లోడుతో 20 శాతం వాలు మీద, ముందుకీ వెనక్కీ రెండు వైపులా, 5 నిమిషాలు కదలకుండా ఆపాలి. 20 శాతం అంటే 5 అడుగులు నడిస్తే 1 అడుగు ఎత్తు. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత బండ్లకు ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కాబట్టి ఎవరూ అడగరనుకోవచ్చు. తనిఖీ పోయింది గానీ పార్కింగ్ బ్రేక్ ఉండాలన్న చట్టం పోలేదు. పైగా జారిన బండి లేక్‌లో పడ్డాక ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఇక లెక్క. మీ బండి సుమారు 1,700 కిలోలు, బోటూ ట్రైలరూ కలిపి 1,100 అనుకుందాం. మొత్తం 2,800. బోటు ర్యాంపులు మామూలుగా 12 నుంచి 15 శాతం వాలుతో కడతారు. 15 శాతం మీద ఈ బరువు కిందికి లాగే బలం దాదాపు 415 కిలోలు. బండి ఒక్కటే, తన పూర్తి అనుమతి బరువు సుమారు 2,200 కిలోలతో 20 శాతం వాలు మీద నిలబడితే లాగే బలం 430 కిలోలు. రెండూ ఇంచుమించు ఒకటే. అంటే మంచి కండిషన్‌లో ఉన్న ఏ ఫ్యాక్టరీ పార్కింగ్ బ్రేక్ అయినా మీ బోటును ర్యాంపు మీద ఆపగలగాలి. మీది ఆపడం లేదంటే డ్రమ్ములు చేతకానివని కాదు, వాటిలో ఏదో పాడైందని.

అందుకని డబ్బులు ఖర్చు పెట్టే ముందు ఒక మధ్యాహ్నం వెనక రెండు డ్రమ్ములూ ఊడదీసి చూడండి. రేంజర్ డ్రమ్ బ్రేకులో స్టార్ వీల్ అడ్జస్టర్ (షూలకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ సర్దే పళ్ళ చక్రం) రివర్స్‌లో వెళ్తూ బ్రేకు తొక్కినప్పుడు తనంతట తాను తిరుగుతుంది. నీళ్ళలో మునిగి తేలే బండ్లలో ఆ స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. డ్రమ్మును లోపల్నుంచి ఒత్తే షూల మీది లైనర్లు అరిగే కొద్దీ ఖాళీ పెరుగుతుంది, పార్కింగ్ పెడల్ అడుగు దాకా పోయినా షూలు డ్రమ్మును సరిగ్గా ఆనవు. రెండోది, యాక్సిల్ హౌసింగ్ చివర ఆయిల్ సీలు కారి లైనర్లు గేర్ ఆయిల్‌తో తడిసి ఉండొచ్చు. వేలు పెట్టి వాసన చూస్తే తెలిసిపోతుంది, గేర్ ఆయిల్ కంపు దాచుకోలేరు. మూడోది, కేబుల్ తొడుగులో తుప్పు. ఈ మూడింట్లో ఒకటి దొరికితే కొత్త షూలు, అడ్జస్టర్ కిట్, సీలు, కేబుల్ వేసుకుని పని కానిచ్చేయవచ్చు. మంచి కండిషన్‌లో ఉన్న పెద్ద డ్రమ్ము పార్కింగ్ బ్రేకుగా డిస్కు కన్నా ఏ మాత్రం తీసిపోదు. షూలు తిరిగే డ్రమ్ముతో పాటు లాగబడి తమను తామే ఇంకా గట్టిగా ఒత్తుకుంటాయి. ఆ సాయం డిస్కు ప్యాడ్లకు ఉండదు.

మరి డిస్కులు దేనికి? మీ మొదటి ఫిర్యాదుకు అవి సరైన మందు. డ్రమ్ములో దూరిన నీళ్ళు బయటికి పోవడానికి టైము పడుతుంది. రోటర్ మీది నీళ్ళు చక్రం కొన్ని చుట్లు తిరిగేలోపే విదిలించుకుపోతాయి. బోటు లాగుతూ మాటిమాటికీ బ్రేకు తొక్కినా వేడికి పట్టు తొందరగా తగ్గదు. ప్యాడ్లు మార్చడం అరగంట పని. అయితే బండి తక్కువ దూరంలో ఆగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఖాళీ పికప్‌కు వెనక బరువు తక్కువ, బ్రేకు తొక్కగానే ఉన్న బరువు కూడా ముందుకు పోతుంది. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. మీ డ్రమ్ములు ఇప్పుడే వెనక చక్రాలను లాక్ చేయగలవు. అంతకు మించి టైరు పట్టు ఇవ్వలేనిది డిస్కు మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

డిస్కులతో పార్కింగ్ బ్రేక్ ఇచ్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి, క్యాలిపర్ పిస్టన్‌నే లోపల స్క్రూతోనో, గోళీలు వాలు మీద ఎక్కే ఏర్పాటుతోనో కేబుల్ నెట్టడం. పాత జీఎం (జనరల్ మోటార్స్) ట్రక్కుల వాళ్ళు 1979-85 క్యాడిలాక్ ఎల్డొరాడో క్యాలిపర్లు ఎక్కించేది ఇందుకే. దానిలో ఒక తిరకాసు ఉంది. ఆ క్యాలిపర్లలో ప్యాడ్ ఖాళీ సర్దుకునేది పార్కింగ్ లివర్ కదిలినప్పుడే. ఆటోమేటిక్ బండి కదా అని పార్క్‌లో పెట్టి పార్కింగ్ బ్రేక్ ముట్టుకోని వాళ్ళకు కొన్ని నెలల్లో ఖాళీ పెరిగి బ్రేక్ పెడల్ కిందికి పోవడం మొదలవుతుంది. లైనులో గాలి ఉందేమో అని పదేపదే బ్లీడింగ్ (గాలి తీయడం) చేస్తారు, గాలి ఉండదు. ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ పిస్టన్‌ను సీ క్లాంపుతో నొక్కితే లోపలి స్క్రూ పాడవుతుంది, తిప్పుతూ లోపలికి పంపాలి.

రెండోది, రోటర్ మధ్య టోపీలాంటి భాగం లోపల చిన్న డ్రమ్ము, దానికి చిన్న షూలు. నడిచేటప్పుడు ఆపేది డిస్కు, నిలిపి ఉంచేది షూలు. రెండూ ఒకదాని జోలికి ఇంకొకటి పోవు. నా ఓటు దీనికే. మీ రేంజర్‌కు ఇది దాదాపు రెడీమేడ్‌గా దొరుకుతుంది, కిట్‌గా కాదు, మొత్తం యాక్సిల్‌గా. 1995 నుంచి 2001 దాకా వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక 8.8 అంగుళాల యాక్సిల్‌కు ఈ రకం డిస్కులే వచ్చాయి. దాని జంట మెర్క్యురీ మౌంటెనీర్‌దీ అదే. చక్రానికి 5 బోల్టులు, 4.5 అంగుళాల వృత్తం, మీ బండిదీ అంతే. షాఫ్టులు 31 స్ప్లైన్లవి (చివరి పళ్ళు), బలమైనవి. 2002 నుంచి నాలుగు తలుపుల ఎక్స్‌ప్లోరర్‌కు వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, అది మీకు పనికిరాదు. పాత బండ్లు విప్పి అమ్మే యార్డుకు వెళ్ళినప్పుడు సంవత్సరం చూసుకోండి.

బ్రాకెట్లూ రోటర్లూ మాత్రమే పీకి మీ పాత హౌసింగ్‌కు తగిలించొచ్చు కదా అంటారేమో. ఆ దారిలో షాఫ్ట్ పొడవు, ఫ్లాంజ్ దూరం, క్యాలిపర్ మధ్యకు రావడం అన్నీ కొలిచి స్పేసర్లతో కుస్తీ పట్టాలి. మొత్తం యాక్సిల్ దింపితే బ్రేకులకు సంబంధించిన కొలతలన్నీ ఫ్యాక్టరీ పెట్టినట్టే ఉంటాయి. మీకు మిగిలేది వెల్డింగు పని.

యార్డులో యాక్సిల్ ఎంచుకోవడానికి తొందరపడకండి. ముందు తలుపు దగ్గరి స్టిక్కరు మీది యాక్సిల్ కోడ్ చూసి రేషియో (చక్రం ఒక చుట్టుకు డ్రైవ్ షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క) మీ బండిదే అని నిర్ధారించుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్ రేషియోతో కలిసి తీరాలి, లేకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక యాక్సిళ్ళకు శక్తి పంచే గేరు పెట్టె) పని అయిపోతుంది. తర్వాత డిఫరెన్షియల్ మూత తీసి, అడ్డ పిన్ను లాగి, షాఫ్టును లోపలికి నెట్టి సీ క్లిప్ తీస్తే షాఫ్ట్ బయటికి వస్తుంది. చక్రం వైపు చివర బేరింగ్ నేరుగా షాఫ్ట్ మీదే తిరుగుతుంది. ఆ చోట గుడ్డతో తుడిచి గోరు అడ్డంగా గీయండి. గోరు ఎక్కడా ఆగకుండా జారితే షాఫ్ట్ బాగున్నట్టు. గాడిలో తట్టుకుంటే కొత్త బేరింగ్, కొత్త సీలు వేసినా మళ్ళీ ఆయిల్ కారుతుంది, చిన్న షూల మీద పడుతుంది, మీ పార్కింగ్ బ్రేక్ మొదటికొస్తుంది. షూల వెనకుండే బ్యాకింగ్ ప్లేటు రేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మంచు, ఉప్పు పడే రాష్ట్రాల నుంచి వచ్చిన బండ్లలో అది అప్పడంలా విరుగుతుంది. షూలను కదిపే లివర్ చేత్తో కదలాలి, వదిలితే వెనక్కి రావాలి.

ఇంటికి తెచ్చాక అసలు తేడా కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో కమాన్ కట్టలు యాక్సిల్ కింద నుంచి పోతాయి, రేంజర్‌లో పైనుంచి. అందుకని కట్ట కూర్చునే పీటలు కోసేసి పై వైపు కొత్తవి వెల్డింగ్ చేయాలి. ఎక్స్‌ప్లోరర్ ట్యూబ్ వ్యాసం 3.25 అంగుళాలు, పీటలూ యూ బోల్టులూ ఆ కొలతవే కొనాలి. పాత యూ బోల్టులు మళ్ళీ వాడొద్దు, ఒకసారి బిగించి సాగినవి రెండోసారి పట్టు నిలపవు. పాత యాక్సిల్ దింపకముందే పినియన్ కోణం (డ్రైవ్ షాఫ్టు వచ్చి కలిసే మూతి వాలు) యాంగిల్ గేజ్‌తో కొలిచి రాసుకోండి. కొత్త పీటలకు చుక్కలు మాత్రం వేసి, బండి బరువు చక్రాల మీదికి దింపి, కోణం మళ్ళీ చూసుకుని, అప్పుడు పూర్తి వెల్డింగ్ చేయించండి. అదీ ఒకే లాగుడులో కాదు, కొంచెం అటు, కొంచెం ఇటు, చల్లారనిస్తూ. లేకపోతే వేడికి ట్యూబ్ వంగుతుంది. వెల్డింగ్ మీద చేయి తిరగకపోతే ఈ ఒక్క పని సర్టిఫైడ్ వెల్డర్‌కు ఇవ్వండి, కక్కుర్తి పడే చోటు కాదిది.

చక్రాలు 14 అంగుళాలవైతే క్యాలిపర్‌కు తగులుతాయేమో బిగించే ముందే పెట్టి చూసుకోండి. ఏబీఎస్ సెన్సర్ డిఫరెన్షియల్ మీద కూర్చునేదే, వైరు కనెక్షన్ సరిచూసుకుంటే చాలు.

ఇప్పుడు ఫ్లూయిడ్ వైపు. డ్రమ్ములున్న బండ్లలో కొన్నింటికి వెనక లైనులో 10 పీఎస్ఐ దాకా ప్రెషర్ నిలిపి ఉంచే రెసిడ్యువల్ వాల్వ్ ఉంటుంది. అది మిగిలిపోతే డిస్కు ప్యాడ్లు ఎప్పుడూ రోటర్‌ను రాసుకుంటూ కాలిపోతాయి. పాత బండ్లలో ఇది మాస్టర్ సిలిండర్ అవుట్‌లెట్ లోపల దాక్కుని ఉంటుంది. రేంజర్ల మీద ఈ మార్పు చేసిన వాళ్ళలో చాలామంది అసలు మాస్టర్ సిలిండర్‌తోనే నడుపుకుంటున్నారు. అయినా మీ బండి మీద పరీక్ష చేసుకోవాల్సిందే: పది మైళ్ళు నడిపి ఆపి రోటర్ల దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి, ముట్టుకోకుండా. రెండింట్లో ఒకటైనా సెగలు కక్కుతుంటే ఏదో పట్టుకుని ఉన్నట్టు.

రిజర్వాయర్ సంగతి ఎవరూ చెప్పరు. డ్రమ్ములో లైనర్లు అరిగినా అడ్జస్టర్ షూలను దగ్గరికి జరుపుతుంది కాబట్టి ఫ్లూయిడ్ మట్టం పెద్దగా తగ్గదు. డిస్కులో ప్యాడ్ అరిగినంత మేరా పిస్టన్ బయటికి వస్తుంది, ఆ ఖాళీని ఫ్లూయిడే నింపాలి. పిస్టన్ 48 మి.మీ. అనుకుంటే, రెండు ప్యాడ్లూ చెరో 8 మి.మీ. అరిగేసరికి ఒక్కో వైపు దాదాపు 29 సీసీ, రెండు వైపులా 58 సీసీ. చిన్న టీ గ్లాసులో సగం పైనే. మట్టం చూస్తూ ఉండండి. దిగిందంటే లీకనే అనుకోనక్కర్లేదు, ముందు ప్యాడ్లు చూడండి.

ముందు వెనక బ్రేకుల పాళ్ళు కుదరడం అన్నిటికన్నా ముఖ్యం. వెనక చక్రాలు ముందువాటి కన్నా ముందే లాక్ అయితే బండి తోక తిప్పుతుంది, తడి రోడ్డు మీద మరీ. ఖాళీ పార్కింగ్ స్థలంలో, ట్రైలర్ లేకుండా, బెడ్ ఖాళీగా ఉంచి, 20, 30 మైళ్ళ వేగంలో గట్టిగా తొక్కి చూడండి. పక్కన నిలబడి చక్రాలు చూసే మనిషి ఒకరు కావాలి. వెనకవి ముందు లాక్ అవుతుంటే వెనక లైనులో చేత్తో తిప్పే ప్రపోర్షనింగ్ వాల్వ్ పెట్టి, లాక్ కావడం ఆగేదాకా ప్రెషర్ తగ్గించుకుంటూ రండి. అది వెనక ప్రెషర్‌ను తగ్గించడమే తప్ప పెంచలేదు. ఏబీఎస్ ఉందిగా అని ఈ పరీక్ష మానేయొద్దు.

పైపులకు డబుల్ ఫ్లేర్ (చివరను రెండు మడతలుగా వెడల్పు చేయడం) తప్పనిసరి. కంప్రెషన్ ఫిట్టింగ్ (రింగు నొక్కి పైపును పట్టే జాయింటు) బ్రేకు లైనులో వాడకూడదు. కాపర్ నికెల్ పైపు చేత్తో వంగుతుంది, తుప్పు పట్టదు, లేక్ నీళ్ళలో తిరిగే బండికి అదే మేలు. క్యాలిపర్లు కుడి ఎడమ తారుమారు కాకుండా చూసుకోండి. బ్లీడర్ నిపుల్ పైకి చూస్తుండాలి. కిందికి ఉంటే ఎన్ని డబ్బాలు పోసినా పై మూల గాలి కదలదు, పెడల్ స్పాంజిలా ఉంటుంది. గాలి తీసే వరుస: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ.

కేబుళ్ళు ఎక్స్‌ప్లోరర్‌వే తెచ్చుకోండి, చివర్లు అక్కడి లివర్‌కు సరిపోయేవి అవే. మీ బండి ముందు కేబుల్‌తో కలిసే చోట పొడవు కొలిచి చూసుకోవాలి, క్యాబ్, బెడ్ సైజును బట్టి మారుతుంది. కొత్త షూలు పెట్టాక రోటర్ ఎక్కించి, రెండు నట్లు తిరగేసి బిగించి, బ్యాకింగ్ ప్లేటులోని రబ్బరు బిరడా తీసి ఆ కంతలోంచి స్టార్ వీల్ తిప్పండి. రోటర్ చేత్తో తిరగనంత బిగిశాక, ఒక్కో పన్ను వెనక్కి వదులుతూ రండి. రోటర్ తిరుగుతూ ఎక్కడో సన్నగా ‘స్‌స్’ అని వినబడే దగ్గర ఆపేయండి. ఈ అడ్జస్ట్‌మెంటు చేయకుండా కేబుల్ బిగించి సరిపెట్టేవాళ్ళే ఎక్కువ, పెడల్ గట్టిగా అనిపిస్తుంది గానీ బండి ఆగదు. ఈ చిన్న షూలు మామూలు డ్రైవింగ్‌లో అస్సలు అరగవు, కాబట్టి తమంతట తాము డ్రమ్ముకు కుదురుకోవు. ఖాళీ రోడ్డు మీద 20 మైళ్ళ వేగంలో, పెడల్ విడిపించే లివర్ చేత్తో లాగి పట్టుకుని, పార్కింగ్ పెడల్ కొద్దిగా తొక్కుతూ కొంత దూరం పోనిచ్చి, చల్లారనిచ్చి, మళ్ళీ చేయండి. తర్వాత స్టార్ వీల్ ఇంకోసారి చూసుకోండి.

ఇండియా నుంచి చదివేవాళ్ళు బొలెరో పికప్‌ల మీద ఇవి ప్రయత్నించే ముందు, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ గుర్తుంచుకోండి. తయారీదారు స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చడం అక్కడ ఓనరు ఇష్టం కాదు.

ఇక ర్యాంపు మీద. ట్రైలర్ లేకుండా మీ ఇంటి దగ్గర ఏదైనా వాలు మీద ముందు చూడండి: న్యూట్రల్‌లో పెట్టి, పార్కింగ్ బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ మీంచి కాలు మెల్లగా తీయండి. మూతి పైకి ఒకసారి, కిందికి ఒకసారి. లేక్ దగ్గర కూడా అదే వరుస. కాలు బ్రేకు మీద, గేరు న్యూట్రల్, పార్కింగ్ బ్రేక్ పూర్తిగా, కాలు తీసి బరువు షూల మీద పడనివ్వండి, ఆ తర్వాతే పార్క్. ముందే పార్క్‌లో పెడితే మొత్తం 415 కిలోల లాగుడు గేర్‌బాక్స్ లోపలి చిన్న పాల్ (చక్రాలను ఆపే కొక్కెం) మీద పడుతుంది. పార్కింగ్ బ్రేక్ ఎంత మంచిదైనా పట్టేది వెనక రెండు టైర్లనే, ఆ రెండే నాచు పట్టిన తడి కాంక్రీటు మీద ఉంటాయి. షూలు గట్టిగా పట్టుకుని ఉన్నా టైరే జారొచ్చు. ముందు చక్రాలు పొడి నేల మీద ఉంటాయి కాబట్టి చెక్క దిమ్మెలు వాటి వెనక పెట్టండి, బండి దిగిన వెంటనే.

500 మైళ్ళు తిరిగాక యూ బోల్టులు టార్క్ రెంచ్‌తో మళ్ళీ బిగించండి, అవి కచ్చితంగా కొంత వదులవుతాయి. డిస్కు నీళ్ళు విదిలించుకుంటుంది గానీ రోటర్ టోపీ లోపలికి దూరిన నీళ్ళు, బురద అక్కడే ఉంటాయి. బోటింగ్ సీజన్ అయిపోయాక ఏటా ఒకసారి రోటర్లు తీసి, షూల దగ్గర మంచి నీళ్ళతో కడిగి ఆరబెట్టి, లివర్ కదిలే చోట బ్రేక్ గ్రీజు రాయండి. నీళ్ళలోంచి తీసుకొచ్చిన బండిని అదే రాత్రి పార్కింగ్ బ్రేక్ వేసి వారం రోజులు వదిలేయకండి, షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతాయి.